మగదిక్కు లేని ఇంట్లో స్క్రూడ్రైవరు

అరకులో మేం అద్దెకి దిగిన నాలుగో నెలలో బాత్రూము తలుపు లోపలి గడియ పాడైంది. మొత్తంగా ఊడిపోలేదు. నాలుగు స్క్రూల్లో రెండు ఎప్పుడో రాలిపోయాయి. మిగిలిన రెండూ వదులై గడియ వేలాడుతూ ఉండేది. వేస్తే వేసినట్టే కనిపించేది కానీ, బయటినుంచి ఎవరైనా చెయ్యి ఆనించారంటే తలుపు బార్లా తెరుచుకునేది.

ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ మా అమ్మా. నేను పక్క పంచాయతీలోని ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం ముప్పై అయిదో ఏట మానేశాను. అమ్మది పెదబయలు అవతల కొండమీది ఊరు. కళ్ళలో పొరలు కమ్మి రాగి చేలో కలుపుకీ మొక్కకీ తేడా తెలియడం లేదని తనే చెప్పింది. విశాఖలో ఆపరేషను చేయించి నా దగ్గర ఉంచుకున్నాను. కళ్ళు బాగైన రోజునుంచి ఊరెళ్ళిపోతానని రోజుకొకసారి బెదిరిస్తూ ఉండేది.

ఇంటి యజమాని ముందు వాటాలోనే ఉండేవాడు. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, దూరపు వరసకి నాకు బాబాయి. గడియ సంగతి చెప్పాను.

"చూద్దాంలే అమ్మాయ్. మన వడ్రంగిని పంపిస్తాను" అన్నాడు.

వడ్రంగి రాలేదు. మళ్ళీ చెప్పాను. శుక్రవారం సంతకి వస్తాడు, అప్పుడు వస్తాడన్నాడు. మూడు శుక్రవారాలు వెళ్ళాయి. అన్నాళ్ళూ అమ్మ స్నానానికెళ్తే నేను తలుపు బయట నిలబడేదాన్ని, నేను వెళ్తే అమ్మ పీట వేసుకుని కూర్చునేది. అమ్మకి ఇది అసలు నచ్చలేదు.

"కొండమీద ఏట్లో నీల్లు పోసుకునేదాన్ని. అది ఆడోల్ల రేవని అందరికీ తెలుసు, ఒక్క మగాడు అటేపు రాడు. ఇక్కడ గోడలు కట్టి, తలుపులెట్టి, మల్లీ కాపలా కాయాలేటి?" అనేది.

నాలుగో వారంలో ఒక ఉదయం నేను డ్యూటీకి వెళ్ళిపోయాక అమ్మ ఒక్కతే స్నానానికి వెళ్ళింది. అదే సమయానికి కరెంటు మీటరు చూసే మనిషి వచ్చాడు. మీటరు పెరట్లో, బాత్రూము గోడకే ఉంది. అతను తప్పేమీ చేయలేదు. నడిచొస్తూ పట్టుకోసం తలుపు మీద చెయ్యి వేశాడు, అంతే. తలుపు తెరుచుకుంది. అతను కెవ్వున అరిచి పరిగెత్తాడట. అమ్మ అరవలేదు. సాయంత్రం నేను వచ్చేసరికి వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. జరిగింది చెప్పి, "రేపు ఎల్లిపోతాను" అంది. ఈసారి అది బెదిరింపు కాదని గొంతులోనే తెలిసింది.

నేను నేరుగా ముందు వాటాకి వెళ్ళాను. బాబాయి టీ తాగుతున్నాడు. సంగతి చెప్పాను. నవ్వాడు.

"పెద్దావిడ కదమ్మా, ఏమవుతుంది? మగదిక్కు లేని ఇల్లు, ఇలాంటివి కాస్త సర్దుకోవాలి. మగాడుంటే ఈపాటికి రెండు మేకులు కొట్టేసేవాడు."

ఆయన భార్య, మా పిన్ని, గుమ్మంలో నిలబడి వింటోంది. వెనక్కి వచ్చి అమ్మతో, "నాలుగు రోజులు ఆగు. ఆ గడియ నేనే బిగిస్తాను" అన్నాను. ఒళ్ళు మండిపోతోంది. రోజుకి పాతికమందికి సూది వేసే చేతులివి. వానలో వాగు దాటి వెళ్ళి కాన్పులు చేసిన చేతులివి. నాలుగు స్క్రూలు తిప్పడానికి ఈ చేతులు చాలవా?

మర్నాడు శుక్రవారం. సంతలో నేలమీద పట్టా పరిచి సామాన్లు అమ్మే అతని దగ్గర ఒక ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. ఒక పిడి, దానికి తగిలించుకునే ముప్పై రెండు బిట్లు, అన్నీ వరసగా మెరుస్తూ ఉన్నాయి. అలాంటి స్క్రూడ్రైవరు సుఖం ఏమిటంటే, పిడి ఒక్కటే ఉంటుంది. మూతికి ఆరు పలకల కన్నం ఉంటుంది. ప్లస్ స్క్రూకి ప్లస్ బిట్టు, మైనస్ స్క్రూకి మైనస్ బిట్టు అందులో దూర్చుకోవడమే. ముప్పై రెండున్నాయంటే ఇక లోటేముంటుందని సంబరపడ్డాను.

ఇంటికొచ్చి మిగిలిన రెండు స్క్రూల్లో మొదటిదాని మీద పెట్టి తిప్పాను. తిరగలేదు. గట్టిగా తిప్పాను. టకటకమని జారింది. ఇంకా గట్టిగా తిప్పేసరికి బిట్టు పిడిలోనే గిరగిర తిరిగి, చెయ్యి జారి, పిడి అంచు అరచేతిలో గీరుకుపోయింది. బిట్టు తీసి చూస్తే దాని నాలుగు అంచులూ అరిగి, మొన మెలి తిరిగిపోయి ఉంది. స్క్రూ తల మీది ప్లస్ గుర్తు గుండ్రటి గుంతలా అయిపోయింది. రెండో స్క్రూ కూడా అలాగే చెడగొట్టాను. పట్టు దొరుకుతుందేమోనని సిల్వర్ ఓక్ చెక్క ముక్క ఒకటి తెచ్చి, కొత్త స్క్రూలు బిగించడం సాధన చేయబోయాను. అవి సగం దిగి ఆగిపోయాయి, వెనక్కీ రాలేదు.

అమ్మ నా చేతిలోంచి మెలి తిరిగిన బిట్టు తీసుకుంది. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంది. సంతలో కత్తి కొన్నా, కొడవలి కొన్నా అమ్మ అలాగే చూస్తుంది. నలభై యాభై ఏళ్ళుగా కమ్మరుల దగ్గర బేరాలాడిన మనిషి.

"ఇది ఇనుమేటి? రేకు" అని విసిరేసింది. "నీ చెయ్యి మంచిదే. సామాను మంచిది కాదు."

ఆ మాట నాకు మందులా పనిచేసింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే బాబాయి పెరట్లోకి వచ్చి, చెడిపోయిన స్క్రూలు చూసి, "చూశావా, ఆడాళ్ళు చెయ్యి పెడితే ఇంతే. ఇప్పుడు వడ్రంగికి కూడా తీయడం కష్టం చేశావు" అని వెళ్ళిపోయాడు. అమ్మ ఆ మాట అనకపోతే నేను అదే నిజమనుకుని ఊరుకునేదాన్నేమో.

ఆ వారంలోనే మా ఉపకేంద్రానికి పైనున్న పెద్దాసుపత్రికి మెషీన్లు బాగుచేసే టెక్నీషియను వచ్చాడు. పెద్ద వయసు మనిషి, మాట నిదానం. నేను రిపోర్టులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, ఆక్సిజన్ మెషీను వెనక మూత విప్పుతున్నాడు. ఆయన చేతిలో కూడా ఒకే పిడి ఉంది, పక్కన బిట్లు పది కూడా లేవు. నేను అక్కడే కూర్చుండిపోయాను.

"ఏంటి సిస్టర్, మెషీను తీసుకెళ్తారా?" అన్నాడు.

"మెషీను కాదు. ఆ స్క్రూడ్రైవరు గురించి చెప్పండి" అని గడియ కథంతా చెప్పాను. అరచెయ్యి చూపించాను. ఆయన నవ్వలేదు. పని ఆపి, తన స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు.

"ముందు బిట్టు పట్టుకుని ఊపండి. కదులుతోందా? లేదు కదా. కన్నంలో బిట్టు బిగువుగా కూర్చోవాలి. లోపల అయస్కాంతం ఉంది, అది బిట్టు పడిపోకుండా పట్టుకుంటుంది. కానీ తిప్పేటప్పుడు బలం మోసేది అయస్కాంతం కాదు, ఆ ఆరు పలకలు. అవి వదులుగా ఉన్నాయంటే మీ బలమంతా అక్కడే పోతుంది."

తర్వాత బిట్టు తీసి దాని పక్కనున్న అంకె చూపించాడు. ప్లస్ బిట్లలో కూడా సైజులుంటాయనీ, ఇళ్ళల్లో తలుపులకీ స్విచ్చుబోర్డులకీ వాడే స్క్రూలకి చాలావరకు రెండో నంబరు సరిపోతుందనీ, చిన్న చిన్న స్క్రూలకి ఒకటో నంబరు వాడాలనీ చెప్పాడు. నేను సంతలో కొన్న పెట్టెలో బిట్ల మీద ఏ అంకే లేదు. నేను ఒకటో నంబరులాంటిదాన్ని రెండో నంబరు స్క్రూలో పెట్టి తిప్పానని అప్పుడర్థమైంది.

"సరైన బిట్టయితే, స్క్రూని దాని మొన మీద పెట్టి అడ్డంగా పట్టుకున్నా ఊగకూడదు. తిప్పే బలంకంటే నొక్కే బలం ఎక్కువ పెట్టండి. అంతే. నూటొక్క బిట్లు కొనకండి సిస్టర్. మీకు కావలసినవి ఆరో ఏడో. అవి మాత్రం మంచి ఉక్కువి కొనండి. పావు అంగుళం మూతి ఉన్న పిడి తీసుకుంటే, బిట్టు అరిగినా ఎక్కడైనా దొరుకుతుంది."

మందుల చీటీ వెనక అన్నీ రాసుకున్నాను.

అరకులో హార్డ్‌వేర్ షాపతను, "అంకెలేటి సిస్టరమ్మా, ఏ బిట్టయినా ఒకటే" అన్నాడు. ఇక అడగలేదు. వచ్చే బుధవారం అమ్మ కళ్ళు చూపించడానికి ఎలాగూ విశాఖ వెళ్ళాలి. అక్కడే కొందామనుకున్నాను.

బయల్దేరే రోజు పొద్దున అమ్మ తన గుడ్డసంచీలో సిల్వర్ ఓక్ చెక్క ముక్క పెడుతోంది. సగం దిగి ఆగిపోయిన స్క్రూలు దాంట్లో అలాగే ఉన్నాయి.

"అదెందుకమ్మా?"

"కత్తి కొంటే నరికి సూసుకోమా? ఇదీ అంతే."

బస్సు ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ ఆ చెక్కని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. కండక్టరు రెండుసార్లు చూశాడు కానీ అడగలేదు.

కళ్ళ డాక్టరు అంతా బాగుందన్నాడు. అక్కణ్ణుంచి పనిముట్ల షాపులుండే వీధికి వెళ్ళాం. పెద్ద షాపు, గోడనిండా స్క్రూడ్రైవర్లు వేలాడుతున్నాయి. కౌంటరు దగ్గర నలభై ఏళ్ళతను నన్నూ, అమ్మ సంచీనీ చూశాడు. అమ్మ చీరకట్టు చూసి కొండమీది వాళ్ళమని ఇట్టే పోల్చుకున్నాడు.

"ఏటి కావాలమ్మా?"

"బిట్లు మార్చుకునే స్క్రూడ్రైవరు. పావు అంగుళం మూతి. బిట్లు విడిగా కావాలి, నంబరు ఉన్నవి."

"పని ఎవరు సేత్తారు? ఆయన్ని తీసుకొత్తే బాగుండేది."

"పని చేసేది నేనే."

"ఇంట్లో మగాల్లు లేరా?"

"లేరు. స్క్రూడ్రైవర్లు మగాళ్ళకే అమ్ముతామని బోర్డు పెట్టలేదే మీరు."

పక్కన పైపులు కొంటున్నాయన తలెత్తి చూశాడు. కౌంటరతను ముఖం ముడుచుకుని లోపలికెళ్ళి ఒక చిన్న సంచీ తెచ్చాడు. గులాబీ రంగు జిప్పు సంచీ, అందులో గులాబీ రంగు పిడి, పిడి మీద పువ్వులు.

"ఆడోల్లకి ఇది బాగుంటాది. అందరూ ఇదే అట్టుకెల్తారు."

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఇదేటి, జడకి ఎట్టుకునేదా?" అంది.

నేను గోడమీద వాటిని చూపించి నాలుగు దించమన్నాను. ప్యాకెట్లు విప్పమంటే విప్పనన్నాడు.

"ఇప్పితే మల్లీ ఎవరు కొంతారమ్మా?"

"విప్పకపోతే నేను కొనను. బాగుంటే ఈ రోజే తీసుకెళ్తాను. బాగోకపోతే ఎందుకు బాగోలేదో చెప్పి వెళ్తాను."

నా గొంతు కొంచెం పెరిగినట్టుంది. లోపల కుర్చీలో కూర్చున్న ముసలి యజమాని, "ఇప్పి ఇవ్వరా" అన్నాడు. పేపరు మాత్రం దించలేదు.

మొదటిది చూడ్డానికి బాగుంది. బిట్టు పెట్టి ఊపితే వదులు పన్నులా కదిలింది. పక్కన పెట్టేశాను. రెండోదాంట్లో రాచెట్ ఉంది. అంటే పిడి వదలకుండా ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే చాలు, స్క్రూ ఒకవైపే తిరుగుతుంది. కరకరమని శబ్దం ముచ్చటగా వచ్చింది, మనసు దానిమీదికి పోయింది కూడా. అమ్మ సంచీలోంచి చెక్క తీసి కౌంటరు మీద పెట్టింది. సగం దిగిన స్క్రూ మీద పెట్టి బలంగా నొక్కి తిప్పేసరికి రాచెట్ లోపల పళ్ళు జారిపోయాయి. అది కూడా పక్కకి పోయింది.

మూడోది బిగువుగానే ఉంది. నేను ఇదే తీసుకుందామన్నాను. అమ్మ ఆగమంది. నీళ్ళ సీసా మూత తీసి అరచెయ్యి తడుపుకుని పిడి పట్టుకుంది. చెయ్యి సర్రున జారింది.

"నీల్లగదిలో పని. సెయ్యి తడవదేటి?" అంది. "పిడి నున్నగుంటే ఎందుకు? ఇది ఒద్దు."

ఈ సంగతి టెక్నీషియను కూడా చెప్పలేదు. గొడ్డలి పిడీ, పార పిడీ అరచేతిలో ఎలా ఉండాలో అమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగోదాని పిడికి రబ్బరు తొడుగుంది, మరీ లావుగా లేదు. తడిచేత్తో పట్టుకున్నా నిలిచింది. బిట్టు ఊపితే కదల్లేదు. మూతి దగ్గర చిన్న పట్టీ ఉంది. దాన్ని వెనక్కి లాగితేనే బిట్టు బయటికి వస్తుంది. రెండో నంబరు ప్లస్ బిట్టు పెట్టి చెక్కలోని స్క్రూల్లో కాస్త తల మిగిలినదాని మీద ఆనించాను. ఒంటి బరువంతా వేసి నొక్కి, నిదానంగా తిప్పాను. కిర్రుమంది. పావు చుట్టు తిరిగింది. ఇంకో పావు. అలా తిరుగుతూ తిరుగుతూ బయటికి వచ్చేసింది.

బిట్టు తీసి వెలుగులో చూశాం. అంచులు ఒక్కటీ చెదరలేదు. అమ్మ గోటితో మీటింది. సన్నగా ఖణేల్మంది. "ఇది ఉక్కు" అంది.

కౌంటరతను అలవాటు మానుకోలేక, "నలభై బిట్ల సెట్టు కూడా ఉందమ్మా" అన్నాడు. నేను మందుల చీటీ తీసి చదివాను. రెండో నంబరు ప్లస్ రెండు, అందులో ఒకటి పొడుగుది. ఒకటో నంబరు ప్లస్ ఒకటి. మైనస్ సన్నదొకటి, వెడల్పుదొకటి. నక్షత్రం ఆకారం తలకి ఒకటి, ఆరు పలకల గుంటకి ఒకటి. ఏడు. ఇంకేమీ వద్దన్నాను. ముసలి యజమాని పేపరు మడిచి, వాటిని తనే ఏరి పొట్లం కట్టాడు. గడియ సంగతి అడిగి తెలుసుకుని అంగుళమున్నర స్క్రూలు కూడా ఇచ్చి, "పాత కన్నాలకి పాత సైజు స్క్రూలు పట్టవమ్మా, కొంచెం పొడుగువి తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి దండం పెట్టాను.

ఇంటికొచ్చిన మర్నాడు సెలవు పెట్టాను. చెడిపోయిన రెండు స్క్రూలకీ ముందురోజే కొబ్బరినూనె చుక్కలు వేసి ఉంచాను. మొదటిది కొంచెం మొరాయించి వచ్చేసింది. రెండోది రాలేదు. దాని తల మరీ గుండ్రమైపోయింది. బిట్టు నిలవడం లేదు. పది నిమిషాలు కుస్తీ పట్టాను. చెమట పట్టింది. బాబాయి మాటలు చెవుల్లో మోగడం మొదలైంది. అప్పుడు ఆ సన్నటి మైనస్ బిట్టు పెట్టి, రోకలిబండతో రెండు మెత్తటి దెబ్బలు వేసి, స్క్రూ తలలో కొత్త గాడి పడేలా దించాను. నొక్కి తిప్పాను. చెక్క కిర్రుకిర్రుమని ఏడ్చినంత పని చేసింది కానీ, స్క్రూ తిరిగింది.

కన్నాలు వదులైపోయాయి. అమ్మ పెరట్లో వెదురు తడికలోంచి ఒక చీలిక లాగి కత్తితో సన్నటి పుల్లలు చేసింది. కన్నాల్లో వాటిని దట్టించి, పైకి వచ్చిన ముక్కలు కోసేసింది. ఆ తర్వాత గడియ అతికించి నాలుగు స్క్రూలూ బిగించాను. ఒక్కొక్కటి దిగుతుంటే వెదురు పుల్లలు నలిగి బిగుసుకోవడం పిడిలోంచి అరచేతికి తెలుస్తూనే ఉంది. చివరి స్క్రూకి నాకు చెయ్యి నొప్పెట్టి అమ్మకిచ్చాను. ఇన్నాళ్ళూ గొడ్డలి పిడీ పార పిడీ పట్టుకుని ఊపడమేగానీ తిప్పడం ఆమెకి అలవాటు లేదు. మొదట అటు తిప్పింది, తర్వాత ఇటు తిప్పి బిగించింది.

అమ్మ లోపలికెళ్ళి గడియ వేసుకుంది. నేను బయటినుంచి భుజంతో తోశాను. కదల్లేదు. ఇంకోసారి గట్టిగా తోశాను. లోపలనుంచి అమ్మ, "ఇంక పో. నీల్లు పోసుకుంటాను" అంది. ఆ రోజు దాదాపు గంటసేపు స్నానం చేసింది.

సాయంత్రం బాబాయి వచ్చాడు. తలుపు చూశాడు, గడియ రెండుసార్లు వేసి తీశాడు. బాగుందని అనలేక, "నన్నడక్కుండా నా ఇంటి తలుపుకి చెయ్యెందుకు పెట్టావమ్మాయ్?" అన్నాడు.

"మూడుసార్లు అడిగాను బాబాయ్."

"వడ్రంగిని పంపిస్తానన్నాను కదా. అద్దెకున్నవాళ్ళు ఇష్టమొచ్చినట్టు మేకులు కొట్టుకుంటూ పోతే ఎలా? ఇవాళ గడియ, రేపు గోడ."

నా చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. ఆయనకి చాచి ఇచ్చాను.

"తీసెయ్యండి. మీ తలుపే కదా. మీ చేత్తో ఆ నాలుగు స్క్రూలూ విప్పెయ్యండి. కానీ రేపు పొద్దున మా అమ్మ స్నానం చేసేటప్పుడు మీరొచ్చి బయట కాపలా కూర్చోవాలి. రోజూ కూర్చోవాలి. కూర్చుంటానంటే ఇప్పుడే విప్పండి."

ఆయన స్క్రూడ్రైవరు వైపు చూశాడు. తీసుకోలేదు. "పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. నిజం చెప్పాలంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడనే అనుకున్నాను. చెయ్యమంటే చేద్దాం, ఇంకో ఇల్లు చూసుకుందాం, అంతేకానీ మళ్ళీ పీట వేసుకుని కాపలా కూర్చోవడం మాత్రం జరగదు అనుకున్నాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు.

ఆ వారంలో నా చెయ్యి ఊరుకోలేదు. మెయిన్ ఆపేసి, వదులుగా వేలాడుతున్న స్విచ్చుబోర్డు బిగించాను. గ్యాసు పొయ్యి కాలు బిగించాను. ఉపకేంద్రంలో మందుల బీరువా తలుపు ఏడాదినుంచి పడిపోతూ ఉండేది, దాని బందులూ బిగించాను. ఆశా కార్యకర్త చూసి తన టార్చిలైటు తెచ్చుకుంది. ఒకటో నంబరు బిట్టు దానికి పనికొచ్చింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా వెనక గుమ్మం దగ్గర పిన్ని నిలబడి ఉంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ముందు వాటా వంటింట్లోనే బతికిన మనిషి. ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది తక్కువ. కొంగు చాటునుంచి ఒక కాయితం పొట్లం తీసింది. లోపల కొత్త గడియ. సంతలో తనే కొన్నదట.

"మీ బాబాయి కాఫీ తోటకెల్లాడు" అంది. "మా మద్దిగదికి లోపల గడియ నేదు. ఎప్పుడూ నేదు. మద్దేన్నం ఒక్క గంట తలుపేసుకుని పడుకోవాలని ఉంటాది నాకు. పడుకుంటే ఎవరో ఒకరు తలుపు తోసి టీ అంటారు, తువ్వాలంటారు. ముప్పై ఎనిమిదేల్లయింది. ఒక్క పూటైనా నా తలుపు నేనేసుకోలేదు."

అమ్మ వెంటనే వెదురు చీలిక కోసం లేచింది.

"అక్కడ పాత కన్నాల్లేవు, పుల్లలక్కర్లేదమ్మా" అని నేను స్క్రూడ్రైవరు తీశాను. పిన్నితో, "నేను బిగిస్తే మళ్ళీ నన్నే అంటాడు బాబాయి. మీరే బిగించండి. నేను చూపిస్తాను" అన్నాను.

"నాకు సేతకాదమ్మా."

"నాకూ నెల కిందట చేతకాలేదు."

ముందు వాటాలోకి వెళ్ళి, మధ్యగది తలుపు మీద గడియ ఎక్కడుండాలో పెన్సిలుతో గుర్తు పెట్టాం. మేకుతో చిన్న గుంతలు చేశాం. పిన్ని మొదటి స్క్రూ బిట్టుకి ఆనించింది, అయస్కాంతం దాన్ని పట్టుకుంటే చిన్నపిల్లలా నవ్వింది. నొక్కడానికి భయపడింది. "తలుపేం అనుకోదు చెల్లీ, నొక్కు" అని అమ్మ అంది. మూడో స్క్రూకి వచ్చేసరికి పిన్ని పెదవి కొరుకుతూ, భుజం దించి, బలంగా తిప్పుతోంది. నాలుగోది మేం చూపించకుండానే బిగించింది.

సరిగ్గా అప్పుడే బాబాయి తోటనుంచి వచ్చాడు. చేతిలో సంచీతో గుమ్మంలో ఆగిపోయాడు. భార్య చేతిలో స్క్రూడ్రైవరు చూశాడు, తలుపు మీది కొత్త గడియ చూశాడు, నావైపు చూశాడు.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు పిన్నితో.

పిన్ని స్క్రూడ్రైవరు దాచలేదు. "గడియ బిగించాను. నానే బిగించాను. ఒక గంట పడుకుంటాను" అంది. స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, గదిలోకెళ్ళి తలుపేసుకుంది. లోపల గడియ పడింది.

బాబాయి ఆ తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు, మా ఇద్దర్నీ చూసి దించాడు. చివరికి నన్నే అడిగాడు, కోపంగా కూడా కాదు, దారి తప్పినవాడిలా.

"మరి టీ ఎవరు పెడతారు?"

"పొయ్యి మీ ఇంట్లోదే కదా బాబాయ్" అన్నాను. "పొడి డబ్బా పైఅరలో ఉంటుంది."

ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు కింద పడిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. అమ్మ వసారాలో కూలబడి, లోపలికి వినపడేలా, "నాక్కూడా ఒక గలాసు ఎట్టు మరిదీ, పంచదార ఎక్కువెయ్" అని కేకేసింది.